ముందు ఆవేశం, తర్వాతే అంకె
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రసాయన పదార్థాల పేర్లు, ఫార్ములాల గురించే. ఒకే తరహా ప్రశ్నలను కలిపేశాం. ఇంకో మాట. ఈ పేజీలో మూలకాల సంకేతాలను తెలుగు లిపిలో ఇచ్చి, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిసేలా మధ్యలో చిన్న గీత పెట్టాం. మీరు నోటుబుక్కులో ఇంగ్లిష్ అక్షరాలతోనే రాయాలి, గీత ఉండకూడదు. పేరు పక్కన బ్రాకెట్లో వచ్చే ఆక్సీకరణ సంఖ్యను (ఒక్కో లోహ పరమాణువుకి లెక్కలో వచ్చే ఆవేశాన్ని) రోమన్ అంకెల్లో వేయాలి. ఇక్కడ మాత్రం మామూలు అంకెలు వేశాం.

ప్రశ్న: క్రిస్-క్రాస్ పద్ధతిలో వేలన్సీలు అటూ ఇటూ మారిస్తే మెగ్నీషియం ఆక్సైడ్‌కి ఎంజీ₂-ఓ₂ వస్తుంది. దాన్ని కుదించి ఎంజీ-ఓ అని రాయమంటారు. మరి హైడ్రోజన్ పెరాక్సైడ్ హెచ్₂-ఓ₂ని ఎందుకు కుదించరు? హెచ్‌జీ₂-సీఎల్₂ని (మెర్క్యురీ(1) క్లోరైడ్) కూడా అలాగే వదిలేస్తారేం?

జవాబు: క్రిస్-క్రాస్ అనేది ఒక అడ్డదారి. అసలు చేయవలసిన పని ఒక్కటే: ధనావేశాలు, ఋణావేశాలు కలిపితే మొత్తం సున్నా కావాలి. అడ్డదారిలో వెళ్లినప్పుడే కుదించాలా వద్దా అన్న గొడవ వస్తుంది. కాబట్టి దాన్ని పక్కన పెట్టి కసాగుతో లెక్క కట్టండి.

ఉదాహరణకు అల్యూమినియం సల్ఫేట్ తీసుకుందాం. అల్యూమినియం అయాన్ ఆవేశం +3, సల్ఫేట్‌ది −2. మూడు, రెండుల కసాగు 6. +6 రావాలంటే అల్యూమినియంలు 2 కావాలి, −6 రావాలంటే సల్ఫేట్‌లు 3 కావాలి. ఫార్ములా ఏఎల్₂(ఎస్-ఓ₄)₃. ఇదే పద్ధతి మెగ్నీషియం ఆక్సైడ్‌కి వాడితే +2, −2ల కసాగు 2, కాబట్టి చెరొకటి చాలు. కుదించాల్సిన అవసరమే రాలేదు. లెడ్(4) ఆక్సైడ్‌లో ఆవేశాలు +4, −2. కసాగు 4, లెడ్ ఒకటి, ఆక్సిజన్ రెండు: పీబీ-ఓ₂. క్రిస్-క్రాస్ చేసినవాళ్లు ఇక్కడ పీబీ₂-ఓ₄ రాసి, కుదించడం మరిచిపోయి మార్కు పోగొట్టుకుంటారు.

ఇక కుదించడం సంగతి. మెగ్నీషియం ఆక్సైడ్ స్ఫటికంలో ఎంజీ-ఓ అనే విడి అణువు ఏదీ ఉండదు. లెక్కలేనన్ని మెగ్నీషియం, ఆక్సైడ్ అయాన్లు ఒక వరసలో పేర్చి ఉంటాయి. అక్కడ ఫార్ములా చెప్పేది నిష్పత్తిని మాత్రమే. 2:2 అన్నా 1:1 అన్నా నిష్పత్తి ఒకటే కాబట్టి చిన్నది రాస్తాం.

హైడ్రోజన్ పెరాక్సైడ్ అలాంటిది కాదు. దానికి విడి అణువు ఉంది. ఫార్ములా ఆ అణువులో ఎన్ని పరమాణువులున్నాయో చెబుతుంది. హెచ్-ఓ అని కుదిస్తే అది హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది, పూర్తిగా వేరే సరుకు. బెంజీన్ సీ₆-హెచ్₆, ఎసిటిలీన్ సీ₂-హెచ్₂. రెండింటినీ కుదిస్తే సీ-హెచ్ అనే వస్తుంది. గ్లూకోజ్ సీ₆-హెచ్₁₂-ఓ₆ని కుదిస్తే సీ-హెచ్₂-ఓ, అంటే ఫార్మాల్డిహైడ్ ఫార్ములా చేతికొస్తుంది.

అయానిక పదార్థాల్లోనూ కుదించకూడనివి ఉన్నాయి, మీరు అడిగిన హెచ్‌జీ₂-సీఎల్₂ అలాంటిదే. ఇందులో రెండు పాదరస పరమాణువులు ఒకదానికొకటి బంధంతో అతుక్కుని ఒకే అయాన్‌గా ఉంటాయి, ఆ జంట మొత్తానికి ఆవేశం +2. సోడియం పెరాక్సైడ్ ఎన్ఏ₂-ఓ₂లో రెండు ఆక్సిజన్లు కలిసి ఒకే పెరాక్సైడ్ అయాన్, ఆవేశం −2. సోడియం ఆక్సలేట్ ఎన్ఏ₂-సీ₂-ఓ₄లోనూ అంతే. అయాన్‌కీ అయాన్‌కీ మధ్య ఉన్న నిష్పత్తిని కుదించవచ్చు, అయాన్ లోపలి అంకెల జోలికి వెళ్లకూడదు.

పెరాక్సైడ్‌ని గుర్తుపట్టడానికి ఒక చిట్కా. పీబీ-ఓ₂, బీఏ-ఓ₂ చూడటానికి ఒకేలా ఉన్నాయి. లెడ్ +4 స్థితిలో ఉండగలదు కాబట్టి మొదటిది లెడ్(4) ఆక్సైడ్. బేరియం ఎప్పుడూ +2 దాటదు. కాబట్టి రెండు ఆక్సిజన్లూ కలిసి −2 మాత్రమే మోస్తున్నాయన్నమాట, అది బేరియం పెరాక్సైడ్. లోహానికి కుదరని ఆవేశం లెక్కలో వచ్చిందంటే ఆక్సిజన్‌ని అనుమానించండి. కె-ఓ₂లో పొటాషియంకి +4 వస్తే మీరు తప్పు దారిలో ఉన్నట్టే. అది పొటాషియం సూపర్ఆక్సైడ్, అందులోని ఓ₂ అయాన్ ఆవేశం −1.

ప్రశ్న: సీ-ఓ₂ కార్బన్ డైఆక్సైడ్ అయినప్పుడు సీఏ-సీఎల్₂ కాల్షియం డైక్లోరైడ్ ఎందుకు కాదు? ఐరన్(3) క్లోరైడ్‌లోని 3 అంటే క్లోరిన్ల లెక్కేనా?

జవాబు: కాదు, కాదు. ఈ 3ని క్లోరిన్ల లెక్క అనుకోవడం వల్లే సగం తప్పులు పుడుతున్నాయి.

పేరు పెట్టే ముందు చూడాల్సింది: ఫార్ములాలో లోహం గానీ అమ్మోనియం గానీ ఉందా? ఉంటే అయాన్ల పేర్లు వరసగా చెప్పేస్తే చాలు, ఎన్నెన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. కాల్షియం ఆవేశం +2 అనీ, క్లోరైడ్‌ది −1 అనీ తెలిసినవాడికి రెండు క్లోరైడ్లు కావాలని వేరే చెప్పాలా? రెండూ అలోహాలైతే అలా ఊహించే వీల్లేదు. నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ఎన్₂-ఓ, ఎన్-ఓ, ఎన్-ఓ₂, ఎన్₂-ఓ₄, ఎన్₂-ఓ₅ అన్నీ అవుతాయి. అందుకే అక్కడ మోనో, డై, ట్రై, టెట్రా, పెంటా, హెక్సా, హెప్టా, ఆక్టా, నోనా, డెకా అని లెక్క చెప్పాలి. ఎన్-ఓ₂ గోధుమరంగు వాయువు, ఎన్₂-ఓ₄ రంగులేనిది. పేరులో లెక్క తప్పితే పదార్థమే మారిపోతుంది.

లెక్క మాటల్లో రెండు మెలికలున్నాయి. మొదటి మూలకం ఒక్కటే ఉంటే దానికి మోనో పెట్టరు, అందుకే కార్బన్ మోనాక్సైడ్ అంటాం తప్ప మోనోకార్బన్ మోనాక్సైడ్ అనం. మోనో, టెట్రా, పెంటా వంటివాటి తర్వాత ఆక్సైడ్ వస్తే చివరి అచ్చు పోతుంది: మోనాక్సైడ్, టెట్రాక్సైడ్, పెంటాక్సైడ్. డై, ట్రైలలో అచ్చు పోదు.

ఇప్పుడు బ్రాకెట్లోని సంఖ్య. ఇది ఒక్కో లోహ పరమాణువు ఆక్సీకరణ సంఖ్య. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టాక్ 1919లో ప్రతిపాదించిన పద్ధతి. దాన్ని కనుక్కోవాలంటే ఎప్పుడూ ఋణ భాగం నుంచి వెనక్కి రండి. సీయూ₂-ఓలో ఆక్సిజన్ ఒకటి, −2. కాబట్టి కాపర్లు రెండూ కలిసి +2, ఒక్కోటీ +1. పేరు కాపర్(1) ఆక్సైడ్. ఫార్ములాలో కాపర్ పక్కన 2 కనిపిస్తోందని కాపర్(2) ఆక్సైడ్ అని రాశారో, మీరు చెప్పింది సీయూ-ఓ గురించి. మొదటిది ఎర్రటిది, రెండోది నల్లటిది. ఎఫ్ఈ₂-ఓ₃లో మూడు ఆక్సిజన్లకి −6, రెండు ఐరన్లకి +6, ఒక్కోదానికి +3. వీ₂-ఓ₅లో −10ని రెండు వనేడియంలకు పంచితే +5. ఫార్ములాలో మూడు జాతులున్నా ఇదే దారి: కె-ఎంఎన్-ఓ₄లో ఆక్సిజన్లకి −8, పొటాషియంకి +1, మిగిలిన +7 మాంగనీస్‌ది.

భాగహారం నిశ్శేషంగా పోకపోతే లోహం రెండు స్థితుల్లో ఉందని అర్థం. ఎఫ్ఈ₃-ఓ₄లో −8ని మూడింటికి పంచితే పూర్ణాంకం రాదు. అందులో ఒక ఐరన్ +2, రెండు ఐరన్లు +3. పేరు ఐరన్(2,3) ఆక్సైడ్.

ఎప్పుడూ ఒకే ఆవేశం ఉండే లోహాలకి ఈ సంఖ్య అక్కర్లేదు: లిథియం, సోడియం, పొటాషియం, వెండి +1, మెగ్నీషియం, కాల్షియం, బేరియం, జింక్ +2, అల్యూమినియం +3. ఈ చిన్న పట్టిక నోటికి వస్తే చాలు, మిగిలిన లోహాలకు సంఖ్య వేయండి.

పాత పుస్తకాల్లో, సీసాల మీద ఫెర్రస్, ఫెర్రిక్, క్యూప్రస్, క్యూప్రిక్ అనే పేర్లు ఇంకా ఉన్నాయి. ‘అస్’ తక్కువ స్థితి, ‘ఇక్’ ఎక్కువ స్థితి. ఇబ్బంది ఏమిటంటే ఎంత తక్కువో, ఎంత ఎక్కువో పేరు చెప్పదు. ఫెర్రిక్ (ఐరన్) అంటే +3, క్యూప్రిక్ (కాపర్) అంటే +2, స్టానిక్ (టిన్) అంటే +4. క్యూప్రిక్ +2 అయితే, ఫెర్రస్ కూడా +2. ఈ పేర్లు చదివితే అర్థమయ్యేంత వరకు నేర్చుకోండి, రాయడానికి మాత్రం సంఖ్య పద్ధతే మేలు. మాంగనీస్ డైఆక్సైడ్, టైటానియం టెట్రాక్లోరైడ్ వంటివి లోహాలున్నా లెక్కతో చలామణీలో ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, తప్పు కూడా కాదు. పరీక్షలో మాత్రం సంఖ్యతో రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు.

ప్రశ్న: సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్... ఐడ్, ఐట్, ఏట్‌లు ఎప్పుడూ తారుమారవుతున్నాయి. బైకార్బనేట్‌లో ‘బై’ అంటే రెండు కార్బనేట్లా?

జవాబు: ఐడ్ అంటే సాధారణంగా ఒంటరి మూలకపు అయాన్ (హైడ్రాక్సైడ్, సయనైడ్ మినహాయింపులు). ఐట్, ఏట్ రెండింట్లోనూ ఆక్సిజన్ ఉంటుంది. ఏట్ కంటే ఐట్‌లో ఒక ఆక్సిజన్ తక్కువ, ఆవేశం మాత్రం మారదు. అందుకని ఏట్‌లు నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే: నైట్రేట్ ఎన్-ఓ₃, −1; క్లోరేట్ సీఎల్-ఓ₃, −1; కార్బనేట్ సీ-ఓ₃, −2; సల్ఫేట్ ఎస్-ఓ₄, −2; ఫాస్ఫేట్ పీ-ఓ₄, −3. వీటి నుంచి ఒక ఆక్సిజన్ తీస్తే నైట్రైట్, క్లోరైట్, సల్ఫైట్ వస్తాయి. క్లోరిన్ దగ్గర మెట్లు ఇంకా ఉన్నాయి. ఐట్ కంటే కిందిది హైపోక్లోరైట్ (ఒక ఆక్సిజన్), ఏట్ కంటే పైది పర్‌క్లోరేట్ (నాలుగు).

ఆమ్లాల పేర్లు ఇక్కడి నుంచే వస్తాయి. ఏట్‌కి ఇక్, ఐట్‌కి అస్: సల్ఫేట్ – సల్ఫ్యూరిక్, సల్ఫైట్ – సల్ఫ్యూరస్, నైట్రేట్ – నైట్రిక్, నైట్రైట్ – నైట్రస్. ఐడ్ అయితే ముందు హైడ్రో, చివర ఇక్: క్లోరైడ్ – హైడ్రోక్లోరిక్. హెచ్-సీఎల్ వాయువుగా ఉంటే హైడ్రోజన్ క్లోరైడ్, నీళ్లలో కరిగాక హైడ్రోక్లోరిక్ ఆమ్లం.

ఈ నియమాన్ని గుడ్డిగా నమ్మి పర్మాంగనేట్ దగ్గర బోల్తా పడకండి. మాంగనేట్, పర్మాంగనేట్ రెండింట్లోనూ ఆక్సిజన్లు నాలుగే. ఆవేశమే వేరు: మాంగనేట్ −2, ఆకుపచ్చ, పర్మాంగనేట్ −1, ఊదా.

బైకార్బనేట్‌లోని ‘బై’ అంటే రెండు కార్బనేట్లు కాదు. అది కార్బనేట్‌కి ఒక హైడ్రోజన్ చేరిన అయాన్, హెచ్-సీ-ఓ₃, ఆవేశం −1. సరైన పేరు హైడ్రోజన్ కార్బనేట్. దాని ఆవేశాన్ని −2 అనుకోవడం వల్ల కాల్షియం హైడ్రోజన్ కార్బనేట్‌ని సీఏ-హెచ్-సీ-ఓ₃ అని రాసేస్తుంటారు. సరైనది సీఏ(హెచ్-సీ-ఓ₃)₂.

ఒక్క అక్షరం తేడా ప్రయోగశాలలో ఎంత పని చేస్తుందో చూడండి. సోడియం సల్ఫైడ్ మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కుళ్లిన గుడ్ల వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది విషం. సల్ఫైట్ మీద పోస్తే ఘాటైన సల్ఫర్ డైఆక్సైడ్. సల్ఫేట్ మీద పోస్తే ఏ వాయువూ రాదు, ఆ ద్రావణంలో బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లటి అవక్షేపం పడి ఆమ్లంలో కరగకుండా నిలబడుతుంది. హైపోక్లోరైట్ సీసాలో ఆమ్లం కలిపితే క్లోరిన్ బయటికి వస్తుంది, కాబట్టి ఆ రెండింటినీ ఒకచోట చేర్చకండి. నైట్రైట్, నైట్రేట్ సీసాలను కూడా ఒకదాని బదులు ఒకటి తీయకూడదు. నైట్రైట్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. లేబుల్ మీద పేరుతో పాటు ఫార్ములా కూడా చదివే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: బ్రాకెట్ ఎప్పుడు పెట్టాలి?

జవాబు: ఒకటి కంటే ఎక్కువ పరమాణువులున్న అయాన్ ఫార్ములాలో రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు వచ్చినప్పుడు. ఎన్ఏ-ఓ-హెచ్‌కి వద్దు, సీఏ(ఓ-హెచ్)₂కి కావాలి. బ్రాకెట్ లేకుండా రాస్తే చివరి 2 హైడ్రోజన్‌కి మాత్రమే అంటుకుని ఆక్సిజన్ ఒకటే మిగులుతుంది. సీఏ-సీఎల్₂కి మాత్రం బ్రాకెట్ పెట్టకండి, క్లోరిన్ ఒంటరి పరమాణువు.

పనిలో పనిగా అక్షరాల సంగతి. సంకేతంలో మొదటి అక్షరం పెద్దది, రెండోది ఉంటే చిన్నది. సీ, ఓ రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్; ఓ చిన్నదైతే కోబాల్ట్ లోహం. హెచ్, ఎఫ్ రెండూ పెద్దవైతే హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఎఫ్ చిన్నదైతే హాఫ్నియం. గబగబా చేత్తో రాసేటప్పుడు ఈ రెండింటి సైజు కలిసిపోవడం తరచూ చూస్తాం.

ప్రశ్న: 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) కాపర్ సల్ఫేట్ ద్రావణం చేస్తే ప్రతిసారీ గాఢత తక్కువ వస్తోంది. తూకం సరిగ్గానే ఉంది. సీసా మీద సీయూ-ఎస్-ఓ₄·5హెచ్₂-ఓ అని ఉంది. ఆ చుక్క అర్థం ఏమిటి?

జవాబు: లోపం ఆ చుక్కలోనే ఉన్నట్టుంది. అది గుణకారం గుర్తు కాదు. స్ఫటికంలో ఒక్కో కాపర్ సల్ఫేట్ యూనిట్‌తో పాటు అయిదు నీటి అణువులు కలిసి ఉన్నాయని చెబుతుంది, అందుకే భారాలను కూడాలి. ఎవరైనా దాన్ని గుణిస్తే మోలార్ భారం (ఒక మోల్ బరువు గ్రాముల్లో) పద్నాలుగు వేలు దాటుతుంది, అక్కడే అనుమానం రావాలి.

లెక్క ఇదీ. కాపర్ 63.55, సల్ఫర్ 32.06, ఆక్సిజన్లు నాలుగు 64.00. మొత్తం 159.61. ఇది నీరు లేని పదార్థానిది. నీరు అయిదు అణువులకి 5 × 18.015, అంటే 90.08. కలిపితే 249.69. మీకు కావాల్సింది 0.25 లీటర్ × 0.1, అంటే 0.025 మోల్. దాన్ని 249.69తో గుణిస్తే 6.24 గ్రాములు. మీరు 159.61తో లెక్క వేసి 3.99 గ్రాములు తూచి ఉంటారు. ఆ నీలి స్ఫటికాల్లో 3.99 గ్రాములంటే 0.016 మోల్ మాత్రమే, గాఢత 0.064 మోలార్ దగ్గర ఆగిపోతుంది. మీకు వచ్చిన సంఖ్య దీనికి దగ్గరగా ఉంటే కారణం ఇదే.

చేసే విధానంలోనూ ఒక జాగ్రత్త. 250 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి అందులో కాపర్ సల్ఫేట్ వేయకండి. బీకరులో 150 మిల్లీలీటర్లకు మించకుండా స్వేదనజలం తీసుకుని కరిగించి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లోకి వంపండి. బీకరును రెండు మూడుసార్లు కొద్ది నీళ్లతో కడిగి ఆ నీళ్లనూ అందులోనే పోసి, గీత వరకు నింపి, మూత పెట్టి తలకిందులు చేస్తూ కలపండి. ద్రావణం మసగ్గా ఉంటే రెండు చుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే తేటపడుతుంది.

పేరులో ఈ నీటిని కాపర్(2) సల్ఫేట్ పెంటాహైడ్రేట్ అని చెబుతాం. సగం నీరు ఉంటే హెమీ: ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కాల్షియం సల్ఫేట్ హెమీహైడ్రేట్, జిప్సం డైహైడ్రేట్. వంటకం లాంటి పద్ధతి రాసిన కాగితంలో ‘సోడియం కార్బనేట్ 10 గ్రాములు’ అని మాత్రమే ఉంటే, ఏ రూపమో తేల్చుకోకుండా తూచవద్దు. నిర్జల రూపం మోలార్ భారం 106, డెకాహైడ్రేట్‌ది 286. నిర్జలం 10 గ్రాములకు బదులుగా డెకాహైడ్రేట్ వాడాలంటే 27 గ్రాములు కావాలి. పైగా డెకాహైడ్రేట్ పొడి గాలిలో నీరు వదిలేస్తూ పొడిగా రాలుతుంటుంది. పాత సీసాలో ఎంత నీరు మిగిలిందో చెప్పలేం కాబట్టి కచ్చితమైన పనికి వేడి చేసి ఆరబెట్టిన నిర్జల రూపాన్నే తీసుకోండి.

ప్రశ్న: నీటిలో హైడ్రోజన్ ముందు రాస్తాం, అమ్మోనియాలో వెనక రాస్తాం. ఎందుకు?

జవాబు: రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) తక్కువ ఉన్నదాన్ని ముందు రాయాలన్నది మామూలు పద్ధతి. ఫ్లోరిన్ అన్నిటికంటే ఎక్కువది కాబట్టి ఓ-ఎఫ్₂లో ఆక్సిజన్ ముందుకొచ్చింది, పేరు ఆక్సిజన్ డైఫ్లోరైడ్. ఎన్-హెచ్₃, సీ-హెచ్₄ మాత్రం పాత ఆనవాయితీగా స్థిరపడిపోయాయి. వాటికి తర్కం వెతక్కుండా అలాగే గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: 2-ఎథిల్‌ప్రొపేన్ అని రాస్తే తప్పన్నారు. గీసిన బొమ్మ మాత్రం సరైనదేనట. బొమ్మ సరైనదైతే పేరు ఎలా తప్పవుతుంది?

జవాబు: అడ్డంగా గీసిన గొలుసే ప్రధాన గొలుసు అనుకున్నారు. కాగితం మీద ఎటు తిరిగినా సరే, అతి పొడవైన కార్బన్ గొలుసును పట్టుకోవాలి. మీ బొమ్మలో అడ్డంగా మూడు కార్బన్లు, మధ్య కార్బన్ నుంచి పైకి రెండు. ఒక చివర నుంచి మధ్యకు వచ్చి పైకి మలుపు తిరిగితే నాలుగు కార్బన్లు. కాబట్టి ప్రధాన గొలుసు బ్యూటేన్. గొలుసులో చేరని కార్బన్ ఒక్కటి, అది మిథైల్. పేరు 2-మిథైల్‌బ్యూటేన్. రెండో స్థానంలో ఎథిల్ గానీ, మొదటి స్థానంలో మిథైల్ గానీ ఉన్న ఆల్కేన్ పేరు కనిపిస్తే గొలుసు పొడవు తప్పు లెక్కపెట్టారని అక్కడికక్కడే చెప్పేయవచ్చు.

గొలుసు తేలాక, శాఖలకు అతి చిన్న సంఖ్యలు వచ్చే చివర నుంచి లెక్కించండి. హెక్సేన్ మీద రెండు మిథైల్, ఒక ఎథిల్ ఉన్నాయనుకుందాం. ఒకవైపు నుంచి 2, 2, 4, రెండోవైపు నుంచి 3, 5, 5 వస్తే మొదటిదే తీసుకోవాలి. పేరులో శాఖలను ఇంగ్లిష్ అక్షరక్రమంలో పెట్టాలి, ఆ క్రమం చూసేటప్పుడు డై, ట్రైలను లెక్కలోకి తీసుకోకూడదు. ఎథిల్ ముందు, మిథైల్ తర్వాత: 4-ఎథిల్-2,2-డైమిథైల్‌హెక్సేన్. డైమిథైల్‌లో ‘డి’ అక్షరం ముందు వస్తుంది కదా అని దాన్ని ముందుకు తెస్తే తప్పు. అంకెల మధ్య కామా, అంకెకీ మాటకీ మధ్య గీత పెట్టండి. గొలుసుకు ఓ-హెచ్ వంటి ప్రమేయ సమూహం ఉంటే చిన్న సంఖ్య శాఖకి కాదు, దానికే దక్కాలి. బ్యూటేన్ గొలుసు రెండో కార్బన్ మీద అది ఉంటే బ్యూటన్-2-ఆల్, అటు నుంచి లెక్కపెట్టి బ్యూటన్-3-ఆల్ అనకూడదు.